బురదను జల్లెడ పడితే తెలిసే ఆర్కిటిక్

2022 అక్టోబరులో అలాస్కా నుంచి ఒక ప్రకటన వచ్చింది. అలాస్కాకి పడమటనున్న బేరింగ్ సముద్రంలో ఆ సీజన్‌కి స్నో క్రాబ్ వేట లేదు. ఆ వేటను పూర్తిగా మూసెయ్యడం అదే మొదటిసారి. 2018 సర్వే అంచనాల్లో ఉన్న పీతల్లో వెయ్యి కోట్లకు పైగా 2021 కల్లా కనిపించకుండా పోయాయి. అప్పు చేసి పడవలు కొన్నవాళ్లకీ, పీతల ఫ్యాక్టరీ మీదే బతికే సెయింట్ పాల్ లాంటి దీవులకీ అది పిడుగుపాటు.

వెయ్యి కోట్ల పీతల్ని ఎవరు లెక్కపెట్టారు? నిజానికి ఎవరూ పెట్టలేదు. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా ప్రతి వేసవిలో తూర్పు బేరింగ్ సముద్రం మీద గడులు గీసుకుంటుంది. ఒక్కో గడి పొడవూ వెడల్పూ 20 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 37 కిలోమీటర్లు. అలాంటి 370కి పైగా చోట్ల అడుగు వల, అంటే ట్రాల్, దింపి అరగంట సేపు లాగుతారు. వల నోరు వెడల్పు సుమారు 17 మీటర్లు, లాగే దూరం మూడు కిలోమీటర్ల లోపు. లెక్క వేస్తే ఆ వల ఊడ్చేది ఒక్కో గడిలో పాతిక వేల వంతుల్లో ఒక వంతు కన్నా తక్కువ. మిగతాదంతా గుణకారం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. సముద్రపు అడుగు విషయంలో ఈ మాట సగమే నిజం. గిన్నెలో మంటా నీళ్లూ అన్ని మెతుకులకీ ఒకటే. సముద్రపు అడుగున వంద మీటర్లు జరిగితే బురద కాస్తా ఇసుక అవుతుంది, ఇంకాస్త జరిగితే మంచుగడ్డలు మోసుకొచ్చి పడేసిన రాళ్లు తగులుతాయి. ఒక్కో చోట బతికే జీవులు వేరు. కాబట్టి ఒక్క మెతుకు మీద నమ్మకం పెట్టుకోలేం. నమ్మకమంతా ఏటా అదే గిన్నెలో, అదే చోట, అదే గరిటెతో మెతుకు తీయడం మీద. బేరింగ్ సర్వే 1982 నుంచి దాదాపు అదే వలతో, అదే పద్ధతిలో సాగుతోంది కాబట్టే 2021 నాటి సంఖ్యను చూసి "ఇది వల పొరపాటు కాదు" అని చెప్పగలిగారు.

అయినా ఆ ధీమాకి ఒక గండి పడింది. 2020లో కోవిడ్ వల్ల సర్వే రద్దయింది. దాదాపు నలభై ఏళ్లు ఆగని లెక్క, అసలు అవసరమైన ఏడాదే ఆగింది. పీతలు 2019 వేసవికి, 2021 వేసవికి మధ్య ఎప్పుడు, ఎలా తగ్గాయో నేరుగా చూసిన కన్ను లేదు. అవి ఉత్తరానికి నడిచి వెళ్లిపోయాయేమో, లోతుకి దిగిపోయాయేమో, రష్యా వైపుకి పోయాయేమో అన్న ప్రశ్నలన్నీ ఆ ఖాళీలో పుట్టినవే. ఉత్తర బేరింగ్‌లో చేసిన సర్వేల్లో పోయిన పీతలకు సరిపడే సంఖ్య దొరకలేదు. చివరికి 2023లో సైన్స్ పత్రికలో నోవా శాస్త్రవేత్తల బృందం ప్రచురించిన విశ్లేషణ ఆకలి వైపు వేలు చూపింది. 2018, 2019 సంవత్సరాల్లో నీళ్లు వేడెక్కాయి. ఆ వేడి పీతల్ని నేరుగా చంపేంతది కాదు. కానీ చన్నీళ్ల జంతువుకి నీళ్లు కాస్త వేడెక్కితే ఒంటికి కావలసిన తిండి పెరిగిపోతుంది. అదే సమయంలో పీతలు విపరీతంగా కిక్కిరిసి ఉన్నాయి. ఒకే సైజు పీతల్ని తూచి చూస్తే 2017 కన్నా 2018లో తేలిగ్గా ఉన్నాయి. అంటే కరువు వచ్చింది, జనాభా ఎక్కువగా ఉన్నప్పుడు వచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పీతకి మార్కెట్‌లో ధర ఉంది కాబట్టి దానికి ఏటా లెక్క ఉంది. కరువు అంటే అవి తినే పురుగులు, గుల్లలు, చిన్న చిన్న బురద జీవులు చాలలేదనే కదా. వాటి లెక్క ఎక్కడ? ట్రాల్ వల కళ్లలోంచి అవి జారిపోతాయి. వాటి కోసం వేరే పనిముట్టు, వేరే ఓపిక కావాలి.

ఒక గ్రాబ్ బురద

ఆ పనిముట్టు పేరు గ్రాబ్. ఎక్కువగా వాడేది వాన్ వీన్ గ్రాబ్. 1930ల్లో నెదర్లాండ్స్ ఇంజినీరు యోహాన్ వాన్ వీన్ తయారుచేశాడు. రెండు దోసిళ్లు ఎదురెదురుగా తెరిచిపెట్టినట్టుండే ఇనుప పాత్ర అది. తెరిచిన దవడలతో కేబుల్ మీద కిందికి దిగుతుంది. అడుగు తగలగానే కొక్కెం ఊడుతుంది. మళ్లీ పైకి లాగితే ఆ లాగుడుకే దవడలు మూసుకుంటాయి. ఒకసారికి అది కోసుకొచ్చేది పదో వంతు చదరపు మీటరు నేల. ఇంట్లో భోజనానికి వేసుకునే పీట కన్నా పెద్దదేమీ కాదు.

డెక్ మీద ఆ పని చూడటానికి పెద్ద సైన్సులా ఉండదు. గ్రాబ్ పైకి రాగానే ముందు దవడల సందు చూస్తారు. ఒక్క గులకరాయి ఇరుక్కుని దవడలు సరిగా మూసుకోకపోయినా సగం బురద దారిలోనే కారిపోయి ఉంటుంది. అలాంటిది లెక్కలోకి రాదు, పారబోసి మళ్లీ దింపాలి. మంచుగడ్డలు రాళ్లు పడేసిన చోట్ల ఇది ఒక్కోసారి విసుగెత్తించేంత పని. సరిగా మూసుకున్న గ్రాబ్‌ని టబ్‌లోకి వంచి, బురదని ఒక మిల్లీమీటరు కళ్లున్న జల్లెడలో పోసి సముద్రపు నీటి పైపుతో మెల్లగా కడుగుతారు. గట్టిగా కొడితే పురుగులు తెగిపోతాయి. బూడిదరంగు నీళ్లు కారిపోతూ పోతూ చివరికి జల్లెడలో మిగిలేవి: గోరంత తెల్లటి గుల్లలు, మట్టి గొట్టాల ముక్కలు, ఎర్రదారాల్లాంటి పాలీకీట్ పురుగులు, వంకరగా ముడుచుకున్న రొయ్యపిల్లల్లాంటి యాంఫిపాడ్‌లు, ఎప్పుడైనా స్టార్ ఫిష్ బంధువైన ఒక బ్రిటిల్ స్టార్, చేతులు సగం విరిగి. ఆ మిగులుని సీసాలోకి ఎత్తి, ఫార్మాలిన్ పోసి, లేబుల్ రాసి మూతపెడతారు. ఫార్మాలిన్‌లో బోరాక్స్ కలపడం మర్చిపోతే ఆమ్లం గుల్లల సున్నాన్ని తినేస్తుంది. కొన్ని నెలల తర్వాత సీసా తెరిస్తే చిప్ప లేని ఆల్చిప్పలు మిగులుతాయి. డీఎన్‌ఏ చూడాలనుకుంటే ఫార్మాలినే శత్రువు, ఆ సీసా విడిగా ఆల్కహాల్‌లో పెట్టుకోవాలి.

ఓడ మీద ఇది నిమిషాల పని. అసలు పని ఒడ్డు మీద, మైక్రోస్కోపు కింద మొదలవుతుంది. ఒక్కో పురుగునీ పట్టకారుతో తీసి, వెంట్రుకలు, దవడలు, మొప్పల అమరిక చూసి పేరు పెట్టాలి. పాలీకీట్‌లలో ఒక జాతికీ ఇంకో జాతికీ తేడా కొన్నిసార్లు ఒక ముల్లు వంకరలో ఉంటుంది. ఓడ అద్దెకి, ఇంధనానికి కోట్లు పెట్టడానికి ఒప్పుకునే సంస్థలు ఈ మైక్రోస్కోపు ముందు కూర్చునే మనిషి జీతం దగ్గరికి వచ్చేసరికి వెనకాడతాయి. నిజానికి సర్వే నాణ్యతని తేల్చేది ఆ మనిషే. పదేళ్ల కిందట ఒకరు ఒకే పేరు కింద రాసిన పురుగుని ఇప్పుడు ఇంకొకరు మూడు జాతులుగా విడదీస్తే, కాగితం మీద వైవిధ్యం పెరిగినట్టు కనిపిస్తుంది. సముద్రంలో మాత్రం ఏమీ మారలేదు.

ఈ పద్ధతికి మూలం చేపల మేత లెక్క. డెన్మార్క్‌లో సి. జి. యోహాన్నెస్ పీటర్సన్ 1910ల్లో లిమ్‌ఫియార్డ్‌లో, చుట్టుపక్కల సముద్రాల్లో, చేపలకి అడుగున ఎంత తిండి ఉందో తేల్చడానికి గ్రాబ్ వాడాడు. అలా తీస్తూ పోతే ఒకే రకం నేల మీద మళ్లీ మళ్లీ అవే జీవులు కలిసి కనబడ్డాయి. వాటిని ఆయన "సమూహాలు" అని, అందులో ప్రధానమైన జీవి పేరుతో పిలిచాడు. మకోమా అనే చిన్న ఆల్చిప్ప ఉన్నది మకోమా సమూహం. 1930ల్లో గున్నార్ థోర్సన్ తూర్పు గ్రీన్‌లాండ్ ఫియార్డ్‌లలో, అంటే సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకు లోయల్లో, అదే పని చేస్తే అక్కడా దాని బంధువు, మకోమా కాల్కేరియా, రాజ్యమేలుతూ కనిపించింది. ఈ రోజుకీ బేరింగ్ జలసంధికి ఉత్తరాన ఉన్న చుక్చీ సముద్రంలో గ్రాబ్ దింపితే ఎక్కువ బరువు తూగే జీవుల్లో అదొకటి.

పైన మిగిలిందంతా కిందికి

ఇంత చల్లటి చోట అడుగున ఇంత తిండి ఎక్కడిది? వెచ్చటి సముద్రాల్లో పైన తేలుతూ పెరిగే సూక్ష్మమైన నాచుని అక్కడే తేలే చిన్న జీవులు చాలావరకు తినేస్తాయి, కిందికి చేరేది కొసరు. ఉత్తర బేరింగ్, చుక్చీ సముద్రాలు లోతులేనివి, చాలాచోట్ల 50 మీటర్ల దరిదాపుల్లోనే ఉంటాయి. పసిఫిక్ నుంచి పోషకాలు నిండిన నీరు బేరింగ్ జలసంధిలోంచి ఉత్తరానికి పారుతుంది. వసంతంలో మంచు అంచున నాచు ఒక్కసారిగా విరగబూస్తుంది. అప్పటికి నీళ్లు ఇంకా గడ్డకట్టే చలిలోనే ఉంటాయి కాబట్టి దాన్ని తినే పై జీవులు ఇంకా తగినన్ని పెరిగి ఉండవు. తినేవాళ్లు లేని పెళ్లి భోజనంలా ఆ నాచు యథాతథంగా అడుగుకి రాలుతుంది. అక్కడ పురుగులూ గుల్లలూ దాని కోసమే ఎదురుచూస్తుంటాయి.

అందుకే అక్కడి పెద్ద జంతువులు పైన కాదు, కింద తింటాయి. వాల్రస్ అడుగుకి దిగి మీసాలతో తడిమి గుల్లల్ని వెతుకుతుంది, మెత్తటి మాంసాన్ని నోటితో పీల్చుకుంటుంది. స్పెక్టకిల్డ్ ఐడర్ అనే బాతులు ప్రపంచంలో ఉన్నవి దాదాపు అన్నీ చలికాలంలో సెయింట్ లారెన్స్ దీవికి దక్షిణాన మంచు పగుళ్లలో చేరి, కిందికి మునిగి చిన్న ఆల్చిప్పల్ని తిని బతుకుతాయి. బూడిద తిమింగలం అయితే పక్కకి వాలి నేల మీద నోరు పెట్టి బురదతో సహా యాంఫిపాడ్‌లని లాగేసుకుంటుంది. అది లేచిపోయాక అడుగున గుంటలు మిగులుతాయి. ఆ గుంటల్ని సోనార్‌లో చూడొచ్చు.

ఈ లెక్కని క్రమంగా పట్టడానికి అమెరికా చొరవతో 2010లో డిస్ట్రిబ్యూటెడ్ బయలాజికల్ అబ్జర్వేటరీ మొదలైంది. పేరు పెద్దది, ఆలోచన చిన్నది: ఉత్తర బేరింగ్ నుంచి అలాస్కా ఉత్తర కొన దగ్గరున్న బారో కాన్యన్ దాకా ఐదు చోట్లు ఎంచుకుని, ఆ దారిన ఏ దేశపు పరిశోధన ఓడ వెళ్లినా అక్కడ ఆగి అవే కొలతలు తీసుకోవాలి. దీని వెనకున్న మేరీల్యాండ్ విశ్వవిద్యాలయపు జాకీ గ్రెబ్‌మేయర్, లీ కూపర్ 1980ల నుంచి ఆ నీళ్లలో గ్రాబ్ దింపుతున్నవాళ్లు. కొత్త ఓడ కట్టకుండా, వెళ్లే ఓడల్ని ఒకే చోట ఆపడం అన్నది ఈ రంగంలో వచ్చిన తెలివైన ఏర్పాట్లలో ఒకటి.

అలా పేర్చుకుంటూ వస్తే బయటపడ్డ కథల్లో ఒకటి చిరికోవ్ బేసిన్‌ది. సెయింట్ లారెన్స్ దీవికీ బేరింగ్ జలసంధికీ మధ్య ఉన్న ఈ ఇసుక మైదానంలో యాంపెలిస్కా అనే యాంఫిపాడ్‌లు గొట్టాలు కట్టుకుని పరుపులా పరుచుకుని ఉండేవి. 1980ల నుంచి ఆ పరుపు పలచబడింది, దట్టమైన భాగం ఉత్తరానికి జరిగింది. కారణం మీద వాదన ఉంది. ప్రవాహం, ఉష్ణోగ్రత మారి నాచు రాలే తీరు మారిందని ఒక వాదం. వేట నిషేధంతో సంఖ్య పెరిగిన తిమింగలాలే మేతని తినేశాయని ఇంకో వాదం. రెండూ కలిసి జరగకూడదనేమీ లేదు. ఇటు బూడిద తిమింగలాలు 2016 దరిదాపుల్లో 27 వేల దాకా ఉండగా 2023 నాటికి సుమారు 14,500కి పడిపోయాయి. 2019 నుంచి 2023 దాకా ఉత్తర అమెరికా పశ్చిమ తీరం పొడవునా బక్కచిక్కిన తిమింగలాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మెక్సికో తీరంలో ఒక చచ్చిన తిమింగలం ఎందుకంత బక్కగా ఉందో తెలియాలంటే వేల కిలోమీటర్ల దూరంలో ఒక జల్లెడలో ఏమి మిగిలిందో చూడాల్సి వస్తోంది.

పనిముట్టు చూపించేదే కనిపిస్తుంది

గ్రాబ్‌కి ఒక గుడ్డితనం ఉంది. అది బురదలో ఉన్నవాటిని బాగా పడుతుంది. కానీ చదరపు మీటరుకో, పది మీటర్లకో ఒకటి చొప్పున తిరిగే పీత, స్టార్ ఫిష్, సముద్ర దోసకాయ దానికి చిక్కడం అదృష్టం. ట్రాల్ వల ఆ పెద్దవాటిని పడుతుంది, లోపల పూడుకున్న గుల్లని వదిలేస్తుంది, మెత్తటివాటిని గుజ్జు చేస్తుంది. కెమెరా ఏదీ చెడగొట్టదు, కానీ పైన కనిపించేదే చూస్తుంది. చుక్చీలో కెమెరా దింపితే నేలంతా బ్రిటిల్ స్టార్‌ల చేతులే. అదే చోట గ్రాబ్ వేసి తూస్తే గుల్లల బరువు ముందుకొస్తుంది. ఒకే చోటుకి రెండు ముఖాలు, రెండూ నిజమే.

జల్లెడ కళ్ల సంగతి ఇంకా తిరకాసు. ఒక మిల్లీమీటరు జల్లెడలోంచి అర మిల్లీమీటరు పురుగు పోతుంది. బరువులో అది పెద్ద తేడా కాదు, ఎందుకంటే బరువంతా పెద్ద గుల్లలదే. సంఖ్యలో మాత్రం భారీ తేడా. ఒక దేశం అర మిల్లీమీటరు, ఇంకో దేశం ఒక మిల్లీమీటరు వాడితే రెండిటి జీవుల సంఖ్యల్ని పక్కపక్కన పెట్టడం తప్పు. ఈ పొరపాటు పెద్ద పెద్ద పటాల్లో కూడా తొంగి చూస్తుంటుంది. అలాంటి పటం మీద దేశ సరిహద్దు దగ్గర రంగు హఠాత్తుగా మారితే ముందు అనుమానించాల్సింది సముద్రాన్ని కాదు, జల్లెడని.

నార్వే, రష్యాలకి ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో ఈ చిక్కుని ఇంకో దారిలో దాటారు. బెర్గెన్‌లోని సముద్ర పరిశోధన సంస్థ, ముర్మాన్‌స్క్‌లోని పిన్రో సంస్థ 2004 నుంచి వేసవి చివర్లో కలిసి సర్వే చేయడం మొదలుపెట్టాయి. చేపల కోసం ఎలాగూ వందల చోట్ల ట్రాల్ వేస్తున్నారు. వలలో అడ్డంగా వచ్చిన స్పంజికలు, స్టార్ ఫిష్‌లు, సముద్ర దోసకాయల్ని అంతవరకూ నీళ్లలోకి తోసేసేవారు. వాటిని డెక్ మీదే ఆపి, పేరు పెట్టి, తూచడం మొదలుపెట్టారు. అదనపు ఖర్చు దాదాపు ఒక నిపుణుడి కూలి. వచ్చిన పటం మాత్రం అంతకుముందు లేనిది: నైరుతిలో వెచ్చటి అట్లాంటిక్ నీరు వచ్చే చోట గియోడియా స్పంజికల రాజ్యం, ఈశాన్యంలో చన్నీళ్లలో బ్రిటిల్ స్టార్‌లు, కొమ్మలు కొమ్మలుగా చేతులు చాచే బాస్కెట్ స్టార్‌లు.

స్పంజికల సంగతి చేపలు పట్టేవాళ్లకి శాస్త్రవేత్తల కన్నా ముందే తెలుసు. ఫారో దీవుల జాలర్లు ఆ చోట్లని "ఓస్తుర్" అంటారు. ఆ మాటకి అర్థం జున్ను. వలలోకి గుండ్రటి, తెల్లటి, మెత్తటి ముద్దలు టన్నుల కొద్దీ రావడం, అవి వలని చింపడం చూసినవాళ్లు పెట్టిన పేరు అది. ఆ జున్ను నేల మీద ట్రాల్ ఒకసారి వెళితే మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. సర్వే వల కూడా వలే కదా అన్న అపరాధభావం ఈ రంగంలో ఉంది. అందుకే నార్వే తన సముద్రపు అడుగుకి పటం గీసే మరేయానో కార్యక్రమంలో స్పంజికలు, పగడాలు ఉండే చోట్ల కెమెరాతోనే ఎక్కువ పని నడుపుతోంది.

పాత సీసాల విలువ

బారెంట్స్ సముద్రానికి ఇంకో అదృష్టం ఉంది. 1920ల్లోనే లెవ్ జెంకెవిచ్, ఆయన సహచరులు "పెర్సేయ్" అనే చెక్క ఓడ మీద ఆ సముద్రంలో గ్రాబ్‌తో లెక్కలు తీశారు. 1930ల చివర్లో వాటిని ప్రచురించారు. 1968–70లో సోవియట్ శాస్త్రవేత్తలే మళ్లీ అదే పని చేస్తే చాలాచోట్ల బరువు బాగా తగ్గినట్టు తేలింది. దీనికి కారణం ఏమిటన్నది ఇప్పటికీ చర్చే. 1920–30లు వెచ్చటి కాలం, 1960ల చివర చలి కాలం కాబట్టి జీవులు తగ్గాయని కొందరు. మధ్యలో ట్రాల్ పడవలు విపరీతంగా పెరిగాయి, నేల దున్నేశాయి అని కొందరు. రెండు కాలాల మధ్య అడపాదడపా ఒక్క లెక్కైనా సరైన తీరులో ఉండి ఉంటే ఈ వాదన సగం తేలిపోయేది. దశాబ్దాల దూరంలో ఉన్న రెండు చుక్కల మధ్య గీత ఎవరికి నచ్చినట్టు వాళ్లు గీసుకోవచ్చు.

పాత సీసా ఉండటం ఎంత ముఖ్యమో వరంగర్ ఫియార్డ్ చెబుతుంది. 1960ల్లో సోవియట్ వాళ్లు పసిఫిక్ నుంచి ఎర్ర కింగ్ క్రాబ్‌ని తెచ్చి ముర్మాన్‌స్క్ తీరంలో వదిలారు. అది పెరిగి పడమరగా నడిచి నార్వేలోకి వచ్చింది. ఇప్పుడు అక్కడ అది లాభసాటి వ్యాపారం. అది అడుగుని ఏమి చేసిందో తెలియాలంటే అది రాకముందో, బలపడకముందో తీసిన బురద కావాలి. వరంగర్‌లో 1994లో తీసిన నమూనాలున్నాయి. 2007–2009లో మళ్లీ తీసి పోలిస్తే బురదని తవ్వి గాలి ఆడించే పెద్ద జీవులు తగ్గిపోయాయని, వాటితో పాటు బురద నాణ్యత కూడా దెబ్బతిందని తేలింది. 1994 సీసాలు లేకపోతే ఇదంతా ఊహగానమే. ఇక స్నో క్రాబ్ కూడా 1996లో బారెంట్స్‌లో కనబడింది. బేరింగ్‌లో ఆకలితో చచ్చిన ఆ పీతే ఇక్కడ కొత్త ఇంట్లో విస్తరిస్తోంది.

వీటన్నిటిలోకీ అతి చవకైన, అతి ఓపికైన పని నార్వేకి చెందిన ఆర్కిటిక్ దీవులు స్వాల్‌బార్డ్‌లో జరిగింది. కాంగ్స్‌ఫియార్డ్ ముఖద్వారం దగ్గర 15 మీటర్ల లోతులో ఉన్న రాతిని 1980 నుంచి బియోర్న్ గుల్లిక్సెన్ అనే నార్వే జీవశాస్త్రవేత్త, ఆ తర్వాత ఆయన బృందం ఏటా మునిగి ఫోటో తీస్తూ వచ్చారు. అదే రాయి, అదే చట్రం, అదే కోణం. మొదట్లో కొన్ని చదరాలు గీకి ఖాళీ చేసి, ఎవరు మళ్లీ కాపురం పెడతారో చూశారు. ఏళ్ల తరబడి సీ అనిమోన్‌లు, సున్నపు ఎర్ర పొరలాంటి నాచు మెల్లగా, చాలా మెల్లగా ఎదిగాయి. తర్వాత 1995 దగ్గర ఒక్కసారిగా గోధుమ రంగు పెద్ద నాచు కమ్మేసింది, ఐదు రెట్లు పెరిగింది. ఇంకా ఉత్తరాన ఉన్న స్మీరెన్‌బర్గ్ ఫియార్డ్‌లో అదే మార్పు 2000లో వచ్చింది. వేడి మెల్లగా పెరుగుతుంటే, అడుగు మాత్రం ఒక్క గంతు వేసింది. ఏటా తీసిన ఫోటోలు లేకపోతే పదేళ్లకోసారి వెళ్లేవాళ్లకి అది నెమ్మదిగా జరిగిన మార్పులాగే కనిపించేది.

అదే కాంగ్స్‌ఫియార్డ్ ఒడ్డున నీ ఆలెసుండ్ ఊళ్లో భారత్ 2008లో హిమాద్రి కేంద్రాన్ని తెరిచింది. 2014లో ఇండార్క్ అనే నీటి లోపలి కొలతల యంత్రాన్ని ఆ ఫియార్డ్‌లోనే దింపారు. అది ఉష్ణోగ్రత, లవణం, ప్రవాహం రాసుకుంటూ ఉంటుంది. అక్కడి నుంచి మన తీరానికి వస్తే తేడా తెలుస్తుంది. విశాఖ, కాకినాడల దగ్గర పరిశోధకులు దింపేదీ అదే వాన్ వీన్ గ్రాబే. కానీ ఇక్కడ చాలా పురుగుల ఆయుష్షు నెలల్లో ఉంటుంది. గోదావరి వరద దించిన ఒండ్రు, మారిన ఉప్పదనం ఒక్క సీజన్‌లోనే అడుగు జీవుల పొందికని తిరగరాయగలవు. ఒకే ఏడాదిలో మూడు నాలుగు సార్లు తీయకపోతే ఇక్కడ లెక్కకి అర్థం లేదు. ఆర్కిటిక్‌లో ఆల్చిప్ప దశాబ్దాలు బతుకుతుంది. ఐస్‌లాండ్ దగ్గర 2006లో పట్టిన ఒక ఆర్క్‌టికా గుల్ల చిప్ప మీద చెట్టు వలయాల్లాంటి గీతలు లెక్కపెడితే 507 ఏళ్లు తేలింది. అది పుట్టినప్పుడు కృష్ణదేవరాయలు ఇంకా సింహాసనం ఎక్కలేదు. అలాంటి జీవులున్న చోట ఒక్క చెడ్డ ఏడాది జల్లెడలో కనిపించదు, పిల్లలు పుట్టని ఇరవై ఏళ్లు కనిపిస్తాయి. అందుకే అక్కడ లెక్కపెట్టడంతో ఆగకుండా గుల్లల పొడవు కూడా కొలవాలి. పెద్దవే ఉండి చిన్నవి లేకపోతే బరువు నిలకడగానే ఉంటుంది, వంశం మాత్రం ఆగిపోయినట్టే.

లోతు సముద్రంలో ఈ పని ఇంకా కష్టం. గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్‌ల మధ్య ఫ్రామ్ జలసంధిలో జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ 1999 నుంచి హౌస్‌గార్టెన్ అనే పరిశీలన స్థలాన్ని నడుపుతోంది. పేరుకి పెరటి తోట, ప్రధాన కేంద్రం 2,500 మీటర్ల లోతున. అడుగుకి మీటరున్నర ఎత్తులో కెమెరాని ఓడ వెనక లాగుతూ వేల ఫోటోలు తీస్తారు. జీవుల కోసం తీసిన ఆ ఫోటోల్లోనే 2002, 2011 మధ్య చెత్త రెట్టింపైన సంగతి కూడా బయటపడింది. 2012లో మంచు రికార్డు స్థాయిలో కరిగిన వేసవిలో, అదే సంస్థ ఓడ పోలార్‌స్టెర్న్ ఆర్కిటిక్ నడిమధ్యకి వెళ్లింది. నాలుగు వేల మీటర్ల అడుగున మంచు కింద పెరిగే మెలోసైరా నాచు పచ్చని ముద్దలుగా పడి ఉంది. చుట్టూ సముద్ర దోసకాయలు, బ్రిటిల్ స్టార్‌లు మేస్తున్నాయి. తిండి కరువులో బతికే చోట అది పండగ. ఆ పండగ ఏటా వస్తుందా, వస్తే ఎవరు బతికి బట్టకడతారు అన్నది ఒక్క యాత్రతో తేలదు.

తిరిగి బేరింగ్ జలసంధికి వస్తే, దాని వెడల్పు 85 కిలోమీటర్లు. మధ్యలోంచి అమెరికా, రష్యాల సముద్ర సరిహద్దు గీత పోతుంది. అనాదిర్ అఖాతం మీదుగా వచ్చే, పోషకాలు ఎక్కువగా ఉండే అనాదిర్ నీరు పారేది పడమటి వైపు, అంటే రష్యా వైపు. 2004 నుంచి 2012 దాకా రుసాల్కా అనే ఉమ్మడి కార్యక్రమంలో రెండు దేశాల శాస్త్రవేత్తలు రష్యన్ ఓడ ఎక్కి గీతకి అటూ ఇటూ గ్రాబ్‌లు దింపారు. 2022 తర్వాత ఆ తరహా సహకారం ఆగిపోయింది. ఇప్పుడు అబ్జర్వేటరీ ఓడలు తూర్పు సగంలో ఆగి, నాలుగేసి గ్రాబ్‌లు తీసుకుని, గీత దగ్గర వెనక్కి తిరుగుతున్నాయి. నీరూ, నాచూ, పురుగుల పిల్లలూ పడమటి సగం నుంచి వస్తూనే ఉన్నాయి.